అరిగిన టైరు – గాలిసంచి

లారీ నడిపేవారికి ఇంధనం తరువాత పెద్ద ఖర్చు టైర్లదే. విశాఖపట్నం రేవునుండి బొగ్గు, ఎరువులు మోసుకొనిపోయే లారీ కానీ, అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కి అరకు వెళ్ళే బస్సు కానీ, ఉక్కు కర్మాగారంనుండి కడ్డీలను తీసుకొనిపోయే ట్రెయిలరు కానీ, ప్రతిదినం తన టైర్లను కొద్దికొద్దిగా రోడ్డుమీద వదలి వస్తుంది. కొన్ని నెలలు గడిచేసరికి టైరు పైనున్న గాడులు పూడిపోయినట్లై నున్నగా తయారవుతుంది. అటువంటి టైరు తడిసిన రోడ్డును పట్టుకొనలేదు. బ్రేకు వేసినా బండి జారుతుంది.

అయితే ఆ టైరును పారవేయుటేనా? అక్కరలేదు. అరిగిన పైభాగాన్ని గీకివేసి, దానిపై కొత్త రబ్బరు పట్టా అతికించి, టైరును తిరిగి రోడ్డెక్కించవచ్చును. దీనిని రీట్రెడింగు అంటారు. మన డ్రైవర్లు, మెకానిక్కులు ‘రీబటన్’ అంటారు. ఈ పనిలో పెద్ద పెద్ద యంత్రాలు, ఆవిరి బాయిలర్లు కంటికి కనిపిస్తవి. కాని కొత్త పట్టా పాత టైరుతో ఏకమగుటకు అసలు కారణమైన పనిముట్టు చూపులకు సామాన్యమైనది. అది గాలి నింపే ఒక రబ్బరు సంచి. ఈ సంచి ఎట్లు పుట్టినది, ఎట్లు మారినది, మన ప్రాణాలకు దానితో ఏమి సంబంధము అనునదే ఈ వ్యాస విషయం.

టైరులో అరిగేది, మిగిలేది

లారీ టైరును అడ్డంగా కోసి చూచినట్లయితే రెండు ముఖ్య భాగాలు కనిపిస్తవి. రోడ్డును తాకే మందమైన రబ్బరు పొర ట్రెడ్. దాని క్రింద నైలాను దారాలతో గాని, ఉక్కు తీగలతో గాని అల్లిన పొరలను రబ్బరులో పొదిగి చేసిన దేహం ఉంటుంది. దీనిని కేసింగు అంటారు. బండి బరువును మోసేది, లోపలి గాలి ఒత్తిడిని తట్టుకొనేది కేసింగే. ట్రెడ్ చేసే పని రోడ్డును పట్టుకొనుట, అరిగిపోవుట.

టైరు తయారీకి పట్టిన పదార్థంలోను, శ్రమలోను అధికభాగం కేసింగులోనే ఉన్నది. ట్రెడ్ అరిగినప్పటికి మంచి కేసింగు ఇంకను చాలా దూరం నడువగలదు. పాదరక్షకు అడుగు అరిగితే కొత్త అట్ట వేయించుకొనుట మనకు అలవాటే గదా! ఇదియు అట్టిదే. అయితే చెప్పు అట్టకు మేకులు కొట్టవచ్చును. టైరుకు మేకులు పనికిరావు. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ, ఎండలో కాగిన రోడ్డుపై టన్నులకొలది బరువు మోసే పట్టా ఊడిరాకుండవలెనన్న, రెండు రబ్బర్లు జిగురుతో అంటుకొన్నంత మాత్రాన చాలదు. అవి అణువుల స్థాయిలో ఒకటి కావలెను.

వేడి, కాలం, ఒత్తిడి

రబ్బరు చెట్టు పాలనుండి వచ్చిన ముడిరబ్బరు వేడికి జిగటగాను, చలికి పెళుసుగాను మారుతుంది. అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకం కలిపిన రబ్బరును వేడిచేసి ఈ దోషాన్ని పోగొట్టినాడు. రబ్బరులోని పొడవైన అణువుల గొలుసులకు నడుమ గంధకం వంతెనలు కడుతుంది. విడివిడిగా జారే గొలుసులు ఒక వలగా మారుతవి. దీనినే వల్కనీకరణం అంటారు. ఒకసారి ఇది జరిగినచో రబ్బరు మరల కరిగి ముద్ద కాదు.

రీట్రెడింగులో చేసేది కూడ ఇదే. పాత కేసింగును గీకి గరుకు చేసి, దానిపై గంధకం కలిపిన పచ్చి రబ్బరు పొర పరచి వేడిచేస్తే, ఆ పొరలో పుట్టిన వంతెనలు పాత రబ్బరును, కొత్త రబ్బరును కలిపి కుట్టివేస్తవి. ఇందుకు మూడు కావలెను: వేడి, కాలం, ఒత్తిడి.

వేడి, కాలం ఒకదానికొకటి బదులుగా నిలుస్తవి. సుమారుగా ప్రతి 10 డిగ్రీల సెంటీగ్రేడుకు ఈ రసాయనచర్య వేగం రెండింతలు అవుతుంది. కాబట్టి ఎక్కువ వేడిలో తక్కువ కాలం, తక్కువ వేడిలో ఎక్కువ కాలం సరిపోతుంది. కాని ఒత్తిడికి బదులు లేదు. వేడెక్కిన పచ్చి రబ్బరులోని తేమ, ఇతర ఆవిరులు బుడగలుగా ఉబ్బుతవి. ఆ బుడగలను అణచి ఉంచకపోయినచో రబ్బరు రొట్టెవలె గుల్లబారుతుంది. రెండు పొరల నడుమ చిక్కిన గాలి కూడ అక్కడనే ఉండిపోతుంది. గుల్ల ఉన్నచోట అతుకు ఉండదు.

ఒత్తిడి ఎట్లు కలిగించవలెను? బల్లపరుపు వస్తువు అయినచో రెండు ఇనుప పలకల నడుమ నొక్కవచ్చును. టైరు అటులకాదు. అది చుట్టూ గుండ్రము, అడ్డంగా చూచినను వంపు. పైగా రెండు పాత టైర్లు ఒక్క కొలతలో ఉండవు. ఒకటి ఒకవైపు అరిగి ఉంటుంది, మరియొకటి బరువుకు సాగి ఉంటుంది. ఇనుప అచ్చుతో నొక్కితే ఎత్తైన చోట అధికంగాను, పల్లమైన చోట స్వల్పంగాను నొక్కుడుపడుతుంది.

ఈ చిక్కుకు సమాధానం 17వ శతాబ్దిలోనే సిద్ధంగా ఉన్నది. మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమానంగా వ్యాపిస్తుందని ఫ్రాన్సు దేశస్థుడైన బ్లేజ్ పాస్కల్ చూపినాడు. ఆతడు మరణించిన మరుసటి సంవత్సరం, 1663లో, ఆ గ్రంథం అచ్చయినది. వాయువులకును ఈ నియమం వర్తిస్తుంది. మెత్తని సంచిలో గాలి నింపినచో, ఆ సంచి తాను తాకిన ప్రతి చదరపు సెంటీమీటరును ఒకే బలంతో నొక్కుతుంది. ఎత్తుపల్లాల భేదం దానికి లేదు.

తరగతిలో దీనిని చూపుట సులభం. ఒక గాజు గ్లాసులో ఊదని బెలూనును సగంవరకు దించి, అక్కడనే ఊదవలెను. బెలూను గ్లాసు గోడలను అదుముకొంటుంది. మూతిని బిగించి బెలూనును పైకెత్తితే గ్లాసు కూడ దానితో లేస్తుంది. పక్కలు నొక్కులున్న పాత గ్లాసుతో చేసినను ఫలితం మారదు. బెలూను గ్లాసు ఆకారాన్ని తానే తెలిసికొన్నట్లు సర్దుకొంటుంది. రీట్రెడింగు సంచి రహస్యం అంతా ఈ ప్రయోగంలోనే ఉన్నది.

ఇసుకనుండి గాలికి

గాలి నింపిన టైరుకు స్కాట్లండువాడైన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు పొందినాడు. అది అప్పుడు వ్యాప్తిలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండికోసం దానిని తిరిగి కల్పించిన పిమ్మట లోకమంతా ప్రాకినది. మోటారు బండ్లు పెరిగినవి. వాటితో అరిగిన టైర్ల గుట్టలును పెరిగినవి. 20వ శతాబ్ది తొలి దశకాలలోనే టైర్లకు మరమ్మతు చేయుట, ట్రెడ్ మార్చుట ఒక వృత్తిగా ఏర్పడినది.

మొదట్లో టైరులో చెడిన ముక్కను మాత్రమే ఆవిరితో కాగే అచ్చులో ఉంచి ఉడికించేవారు. లోపలినుండి నొక్కుటకు వేడిచేసిన ఇసుకసంచిని దూర్చేవారు. ఇసుక వేడిని నిలుపుతుంది, కొంత సర్దుకొంటుంది. కాని అది ద్రవం కాదు. దాని రేణువులు ఒకదానిపై ఒకటి ఆని నిలుచుటచేత ఒత్తిడి అంతటా సమంగా పాకదు. అందుచేత దాని స్థానంలో గుడ్డ పొరలతో గట్టిపరచిన రబ్బరు గాలిసంచి వచ్చినది. దానిలోనికి పంపుతో గాలి కొట్టినచో టైరు లోపలిగోడ అంతా ఒకే విధంగా అచ్చుకు అదుముకొంటుంది.

తరువాత టైరు చుట్టుకొలత మొత్తానికి సరిపడే అచ్చులు వచ్చినవి. వీటికి ముక్క సంచి చాలదు. టైరు లోపల వలయంగా ఇమిడే మందపాటి ట్యూబు కావలసివచ్చినది. దీనికే క్యూరింగు ట్యూబు అని పేరు. పచ్చి రబ్బరు చుట్టిన టైరును అచ్చులో పెట్టి మూసివేసి, ఈ ట్యూబులోనికి గాలినో, ఆవిరినో, వేడి నీటినో ఎక్కిస్తారు. ట్యూబు ఉబ్బి టైరును బయటికి నెట్టుతుంది. పచ్చి రబ్బరు అచ్చులోని గాడులలోనికి ఒదిగి, సుమారు 150 డిగ్రీల వేడిలో ఉడికి, కొత్త ట్రెడ్‌గా బయటికి వస్తుంది. బండిపై ఉన్నప్పుడు లారీ టైరులో ఎంత ఒత్తిడి ఉంటుందో, అచ్చులో అంతకన్న ఎక్కువ ఒత్తిడి ఉంటుంది.

ఈ ట్యూబుకు ఒక శత్రువు ఉన్నది. అది వేడి గాలిలోని ఆక్సిజను. సహజ రబ్బరుతో చేసిన సంచి పలుమార్లు కాగి చల్లారుటచే గట్టిపడి పగులుతుంది. ఈ బాధను తగ్గించిన పదార్థం బ్యూటైలు రబ్బరు. అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ సంస్థకు చెందిన విలియం స్పార్క్స్, రాబర్ట్ థామస్ అను శాస్త్రజ్ఞులు 1937లో దీనిని సృష్టించినారు. పెట్రోలియం వాయువులనుండి లభించే ఐసోబ్యూటిలీను దీనికి ముడిపదార్థం. దీని అణువుల గొలుసులలో ఆక్సిజను పట్టుకొనదగిన బలహీన స్థానాలు బహు తక్కువ. గాలిని కూడ ఇది సహజ రబ్బరు కన్న ఎన్నో రెట్లు తక్కువగా జారవిడుస్తుంది. బండి ట్యూబులకును, క్యూరింగు సంచులకును ఇంతకన్న తగిన గుణాలు ఏమున్నవి?

విశాఖపై బాంబులు, లోకానికి రబ్బరు కరవు

అంతవరకు రీట్రెడింగు పొదుపరుల పని. దానిని దేశాల అవసరంగా మార్చినది రెండవ ప్రపంచయుద్ధం. ఆ యుద్ధం విశాఖపట్నాన్ని కూడ తాకినది.

విశాఖ రేవు 1933లో ప్రారంభమైనది. ఆ ఏడు అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అను ఓడ మొదటగా రేవులోనికి వచ్చినది. తొమ్మిదేండ్లయినను గడవకముందే, 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపాను విమానాలు విశాఖపట్నంపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఊరి ప్రజలు ఇండ్లు విడిచి పల్లెలకు తరలిపోయిన ఆ దినాల జ్ఞాపకం విశాఖ వృద్ధుల నోట చాలాకాలం నిలిచినది.

ఆ విమానాలు బంగాళాఖాతంవరకు రాగలుగుటకు ముందు జరిగిన సంఘటన ఒకటి ఉన్నది. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపాను వశమైనది. మలయా అప్పటికే పడిపోయినది. ఆ వెనుకనే డచ్చివారి తూర్పు దీవులును పోయినవి. ప్రపంచంలోని సహజ రబ్బరులో పదింట తొమ్మిదివంతులు ఈ ఆగ్నేయాసియా తోటలనుండి వచ్చేది. కొద్ది మాసాలలో ఆ రబ్బరు అంతా మిత్రరాజ్యాలకు దూరమైనది. సింహళం, దక్షిణ భారతదేశం వారికి మిగిలిన ముఖ్యమైన తోటల ప్రాంతాలు.

లారీలు, విమానాలు, ఫిరంగి బండ్లు అన్నిటికిని రబ్బరు కావలెను. అమెరికాలో 1942 జనవరినుండి సామాన్యులకు టైర్ల అమ్మకంపై రేషను విధించినారు. మన దేశంలోను టైర్ల పంపిణీపై ప్రభుత్వం అదుపు పెట్టినది. భారతదేశంలో టైరు కర్మాగారాలే అప్పటికి కొత్త. హుగ్లీ తీరాన సాహాగంజ్‌లో డన్‌లప్ వారు 1936లో ప్రారంభించినది మొదటిది. కొత్త టైరు దొరకనప్పుడు ఉన్న టైరును తిరిగి వాడుట తప్ప దారి లేదు. కొత్త టైరుకు కావలసిన రబ్బరులో కొద్దిభాగంతోనే అరిగిన టైరు నడుస్తుంది గనుక రీట్రెడింగు అచ్చులకు, క్యూరింగు ట్యూబులకు గిరాకీ ఏర్పడినది. ఆ యుద్ధకాలంలోనే, 1943లో, బ్యూటైలు రబ్బరు పెద్దయెత్తున తయారగుట ప్రారంభించినది. రబ్బరు కరవు తెచ్చిన యుద్ధమే మెరుగైన సంచికి పదార్థాన్ని కూడ త్వరపరచినదన్నమాట.

బెలూన్లనుండి ట్రెడ్ రబ్బరుకు

యుద్ధం ముగిసిన తరువాత దక్షిణ భారతదేశంలో బస్సులు, లారీలు వేగంగా పెరిగినవి. వాటి వెంటనే రీట్రెడింగు కూడ పెరిగినది. ఈ పరిశ్రమలో మద్రాసు సమీపాన జరిగిన ఒక మార్పు గమనింపదగినది. 1946లో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళై తిరువొత్తియూరులో ఒక చిన్న షెడ్డులో పిల్లలు ఊదుకొనే బెలూన్లు చేయుట ఆరంభించినాడు. 1952లో ఆ సంస్థ రీట్రెడింగుకు కావలసిన ట్రెడ్ రబ్బరు తయారీలోనికి దిగినది. 1961లో కొత్త టైర్ల తయారీకి వచ్చినది. అదే ఎం.ఆర్.ఎఫ్. అరిగిన టైరుకు పట్టా చేయుట నేర్చిన పిమ్మటనే అది టైరు చేసినది.

తమిళనాడులోని కోయంబత్తూరు కథలో తెలుగువారికి కూడ భాగమున్నది. అక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1893లో జన్మించిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచి – పళని మధ్య ఒక్క బస్సుతో ఆరంభించి పెద్ద రవాణా సంస్థను నిర్మించినాడు. ఆ ఊరిలోనే 1960లో ఎల్జీ సంస్థ వెలసి గాలి కంప్రెసర్లకు పేరుపొందినది. ఎల్జీ పేరుతోనే నడచిన టైరు విభాగం ట్రెడ్ రబ్బరును, రీట్రెడింగు యంత్రాలను, వాటికి కావలసిన సంచులను తయారుచేసి దేశ విదేశాలకు పంపుతూ వచ్చినది. గాలి కంప్రెసరు, రీట్రెడింగు ఒకే ఊరిలో వృద్ధిచెందుట సహజమే. గాలిని అదిమి నింపే యంత్రం లేనిదే సంచి కేవలం రబ్బరు ముక్క.

లోపలినుండి కాక వెలుపలినుండి

అచ్చు పద్ధతిలో ఒక లోపం ఉన్నది. అచ్చు ఇనుపది, అది మారదు. టైరే దానికి తగినట్లు మారవలెను. టైరు అచ్చుకన్న కొంచెం చిన్నదైనచో క్యూరింగు ట్యూబు దానిని సాగదీసి అచ్చుకు తాకించవలెను. అందుచేత లోపలి దారాలు బిగిసి అలసిపోతవి. 150 డిగ్రీల వేడి కూడ పాత కేసింగును మరికొంత ముసలిదానిగా చేస్తుంది. ఉక్కు తీగల పట్టీలు గల రేడియల్ టైరును సాగదీయుట మరింత ప్రమాదకరం.

ఇందుకు మరొక మార్గం చూపినవాడు జర్మనీ దేశంలోని డార్మ్‌స్టాట్‌కు చెందిన బెర్నార్డ్ ఆంటన్ నొవాక్. ట్రెడ్‌ను ముందుగానే వేరుగా, గాడులతో సహా, గట్టి ఒత్తిడిలో ఉడికించి పెట్టుకొనవలెను. తరువాత దానిని పలుచని పచ్చి రబ్బరు పొరతో టైరుకు అతికించవలెను. ఉడకవలసినది ఆ పలుచని పొర మాత్రమే గనుక వేడి తక్కువైనను చాలును. బ్యాండాగ్ అను పేరు కొంతవరకు ఆతని పేరులోను, ఊరి పేరులోను ఉన్న అక్షరాలనుండి ఏర్పడినది. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మస్కటీను పట్టణానికి చెందిన రాయ్ కార్వర్ 1957లో ఈ పద్ధతికి ఉత్తర అమెరికా హక్కులు కొని, పెద్ద పరిశ్రమగా పెంచినాడు. మన దేశంలో 1978లో స్థాపితమైన ఇండాగ్ రబ్బర్ సంస్థ బ్యాండాగ్ సహకారంతో ఈ పద్ధతిని వ్యాపింపజేసినది. దీనిని ప్రీక్యూర్ పద్ధతి, లేక చల్లని పద్ధతి అంటారు. చల్లని అనునది పేరుకే. వేడి 100 డిగ్రీలకు పైననే ఉంటుంది. కాని పాత పద్ధతికన్న తక్కువ. కాలం మాత్రం మూడు నాలుగు గంటలు పడుతుంది.

ఇక్కడ చుట్టూ అచ్చు లేదు. మరి పట్టాను టైరుకు అదిమిపట్టేది ఏది? మరల గాలిసంచియే, కాని ఈసారి టైరు వెలుపల. పట్టా చుట్టిన టైరుకు పలుచని, సాగే రబ్బరు తొడుగును దిండుకు గలీబు తొడిగినట్లు తొడుగుతారు. దీనికి ఎన్వలప్ అని పేరు. అంచులు టైరు పక్కలకు గట్టిగా అంటుకొంటవి. అప్పుడు తొడుగుకు గల చిన్న కవాటంద్వారా లోపలి గాలిని తీసివేస్తారు. తొడుగు ట్రెడ్‌లోని ప్రతి గాడిలోనికి జొరబడి చర్మంవలె అంటుకొంటుంది. ఇట్లు సిద్ధమైన టైర్లను వరుసగా ఒక పెద్ద ఉక్కు గదిలో వ్రేలాడదీసి, తలుపు బిగించి, వేడి గాలిని ఒత్తిడితో నింపుతారు.

ఆ గదిలో మూడు ఒత్తిళ్ళు ఒకేసారి పనిచేస్తవి. గదిలోని గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు 6 కిలోగ్రాముల ఒత్తిడిలో ఉంటుంది. తొడుగుకు, ట్రెడ్‌కు నడుమ అంతకన్న తక్కువ, సుమారు 4.5 కిలోగ్రాములు. టైరు లోపలి ట్యూబులో అన్నిటికన్న ఎక్కువ. అందుచేతనే టైరు ముడుచుకొనకుండ తన ఆకారంలో నిలుస్తుంది. గదికి, తొడుగు లోపలికి గల భేదం 1.5 కిలోగ్రాములు. పట్టాను నొక్కేది ఆ భేదమే.

ఆ భేదం కొద్దిగా కనిపించవచ్చును. విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. లారీ టైరు వ్యాసం సుమారు 105 సెంటీమీటర్లు. దాని చుట్టుకొలత 330 సెంటీమీటర్లు. ట్రెడ్ వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకొన్నచో వైశాల్యం 6,600 చదరపు సెంటీమీటర్లు. దానిని 1.5తో గుణిస్తే 9,900 వస్తుంది. అనగా కొన్ని మిల్లీమీటర్ల మందం గల రబ్బరు తొడుగు, ఆ పట్టాను చుట్టూ కలిపి దాదాపు 10 టన్నుల బలంతో టైరుకు అదుముతున్నది! ఆ బలం ఒకచోట కూడక ఎల్లెడల సమంగా పంచబడినది గనుక టైరు ఏమాత్రం వంకర పోదు.

ఇదియే గాలిసంచి చరిత్రలోని ముఖ్యమైన మలుపు. మొదట టైరు ఇనుముకు లొంగినది. ఇప్పుడు పనిముట్టు టైరుకు లొంగుచున్నది.

సంచికి చిల్లి పడినచో

తొడుగులో గుండుసూది మొనంత చిల్లి ఉన్నదనుకొందాము. గదిలోని గాలి ఆ చిల్లిగుండా లోపలికి పోతుంది. కొద్దిసేపటిలో తొడుగు లోపల, వెలుపల ఒత్తిడి సమానమవుతుంది. భేదం సున్న. 10 టన్నుల బలం మాయమవుతుంది. అయితే గది వేడి తగ్గదు. అతుకు పొర తన పద్ధతిలో ఉడుకుతూనే ఉంటుంది. పట్టా అంచులు లేచి ఉన్నా, నడుమ గాలి బుడగ చిక్కి ఉన్నా అది అట్లే గట్టిపడుతుంది. బయటికి తీసిన టైరు చూపులకు కొత్తదానివలెనే నిగనిగలాడవచ్చును.

దాని దోషం రోడ్డుమీద బయటపడుతుంది. బరువుతో తిరిగే టైరు ప్రతి చుట్టులో ఒకసారి వంగి లేస్తుంది. అతుకు లేనిచోట పొరలు ఒకదానితో ఒకటి రాచుకొని వేడెక్కుతవి. బుడగ పెద్దదవుతుంది. చివరకు పట్టా ముక్కలుగా ఊడుతుంది. ఘాటు రోడ్డు మలుపులో నిండు బస్సుకు అట్లు జరిగినచో ఫలితం ఊహించవచ్చును. బస్సుల ముందు చక్రాలకు కొత్త టైర్లను, వెనుక జంట చక్రాలకు రీట్రెడ్ చేసిన వాటిని వాడే ఆచారం ఇందుకే ఏర్పడినది. జంటలో ఒకటి చెడినను రెండవది కొంతసేపు బరువు మోస్తుంది. ముందు చక్రం చెడినచో స్టీరింగు చేతిలో నిలువదు.

కాబట్టి మంచి షాపులో సంచికి కూడ టైరుకు చేసినంత పరీక్ష జరుగుతుంది. తొడుగును, ట్యూబును గాలితో ఉబ్బించి సబ్బునీరు పూసి బుడగలు వస్తున్నవా అని చూస్తారు. ఎండ తగలని చోట, నూనె మరకలు అంటకుండ, మడతలు పడకుండ దాచుతారు. గది తలుపు వద్ద ఒత్తిడి గడియారాలను పనివాడు గంట గంటకు చూస్తాడు. తొడుగు లోపలి ముల్లు పైకి లేచి గది ముల్లును అందుకొన్నదా, ఆ టైరు పనికిరాదు.

అయితే సంచి ఎంత మంచిదైనను అది చేయలేని పని ఒకటున్నది. కేసింగు మంచిదో చెడ్డదో అది చెప్పలేదు. లోపల తెగిన దారాలు, తుప్పు పట్టిన తీగలు, నీరు దిగిన గాట్లు గల కేసింగుపై పట్టాను ఎంత ఒత్తిడితో అతికించినను ప్రయోజనం లేదు. మొదటి పరీక్షలో దీపం పట్టి, చేతితో తడిమి, పనికిరాని టైరును పక్కకు నెట్టే పనివాని అనుభవమే అక్కడ ప్రధానం. రోడ్డు పక్కన పడియున్న ప్రతి టైరు ముక్కను చూచి రీట్రెడింగునే నిందించుట కూడ న్యాయం కాదు. గాలి తక్కువై, బరువు ఎక్కువై నడచిన కొత్త టైర్లు సైతం ఆ విధంగానే ముక్కలవుతవి. విమానాల టైర్లను కూడ పలుమార్లు రీట్రెడ్ చేసి వాడుతున్నారనుట చాలామందికి ఆశ్చర్యం కలిగించే సత్యం.

నేటి విశాఖలో

1958 జనవరి 11వ తేదీన ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ తన బస్సుల టైర్లను స్వంత షాపులలోనే రీట్రెడ్ చేయించుకొనే పద్ధతిని పెంపొందించుకొన్నది. ఉత్తరాంధ్ర బస్సులకు పొరుగున విజయనగరంలోని జోనల్ వర్క్‌షాపు పెద్ద దిక్కు. రేవు లారీలకు, 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం చుట్టు తిరిగే బండ్లకు గాజువాక ఆటోనగర్ మరమ్మతు కేంద్రం. సముద్రపు ఉప్పుగాలి, బొగ్గుధూళి, బరువు, ఎండ, ఘాటు మలుపులు – టైరుకు ఇన్ని పరీక్షలు పెట్టే ఊళ్ళు తక్కువ.

ఈ వృత్తికి గట్టి పోటీ కూడ ఎదురైనది. విదేశాలనుండి చౌక టైర్లు వచ్చిపడినప్పుడు, రీట్రెడ్ చేయించుటకన్న కొత్తది కొనుటయే మేలని కొందరు తలచినారు. 2017లో చైనానుండి వచ్చే లారీ, బస్సు రేడియల్ టైర్లపై భారత ప్రభుత్వం ప్రత్యేక సుంకం విధించినది. 2022లో వచ్చిన నియమాలు పాత టైర్ల బాధ్యతను వాటి తయారీదారులపై, దిగుమతిదారులపై ఉంచినవి. పారవేసిన టైరు మట్టిలో కలియదు, కాల్చినచో గాలిని చెరుపుతుంది అను సంగతిని ప్రభుత్వం గుర్తించుటయే ఇందుకు కారణం. అమెరికాలో తరచు చెప్పే ఒక అంచనా ప్రకారం కొత్త లారీ టైరుకు సుమారు 83 లీటర్ల ముడినూనె ఖర్చుకాగా, రీట్రెడింగుకు 26 లీటర్లు సరిపోతుంది. నూనెను దిగుమతి చేసుకొనే దేశానికి ఈ భేదం చిన్నది కాదు.

2022 ఆగస్టులో విశాఖకు దక్షిణంగా, నేటి అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురంలో ఏటీసీ టైర్ల కర్మాగారం ప్రారంభమైనది. అక్కడ చేసేవి పొలాలలోను, గనులలోను తిరిగే యంత్రాలకు వేసే కొత్త టైర్లు. కొత్త టైరును అచ్చులో ఉడికించేటప్పుడు కూడ లోపలినుండి నెట్టేది రబ్బరు సంచియే. టైరు మొదటిసారి పుట్టినను, రెండవసారి పుట్టినను మంత్రసాని ఒక్కటే.

ఆ సంచి మాత్రం ఎవరి కంటబడదు. ప్రతి ఉడుకుకు కొంత గట్టిపడుతూ, కొంత సాగుతూ, తాను కూడ ఒకనాటికి అరిగిపోతుంది. అరిగిన సంచిని ఇంకొక్క దినం వాడుకొందామనే పొదుపు ఒక్కటే ఈ వృత్తిలో చేయరాని పొదుపు.